సర్కారు చెప్పకుండానే మనం చేసుకునే పనులు - వీటిని అరాచకం అనొచ్చా?

నార్పల దిక్కు (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. ఒక మాట చాన్నాళ్ళుగా మనసులో నలుగుతాంది, ఈడ పెడదామని రాస్తాండా. మా ఊరి చెరువుకు నీళ్ళు తెచ్చే వంక కాలువ ఒకటుంది, ప్రతి ఏడూ వానలకు ముందు దాని పూడిక మేమే తీసుకుంటాం. దానికి టెండరు లేదు, బిల్లు లేదు, కొలతలు రాసుకునే ఇంజనీరూ లేడు. ముందురోజు సాయంత్రం దండోరా వేస్తారు, తెల్లారి ఇంటికొక మనిషి పార బుజానేసుకొని వస్తాడు, మూడు రోజుల్లో కాలువ అయిపోతుంది. మా నాయన చిన్నప్పటి నుంచీ ఇట్లనే జరుగుతాంది.

ఇదొక్కటే అనుకోవద్దు. శనక్కాయ పీకేటప్పుడు ముయ్యాళ్ళకు పోతాం కదా, ఈరోజు మీ చేన్లో నేను, రేపు మా చేన్లో మీరు, కూలి లెక్క లేదు కానీ ఎవరు ఎన్ని దినాలు వచ్చినారో ప్రతి ఆడమనిషికీ నోటికి వచ్చు. పెండ్లిలో చదివింపుల పుస్తకం చూడండి, మా ఇంట్లో మా అవ్వ పెండ్లినాటి నోటుపుస్తకం ఇంకా ఉంది, ఎవరు రెండు రూపాయలు, ఎవరు అడ్డెడు బియ్యం ఇచ్చినారో రాసిపెట్టినారు, వాళ్ళ మనవళ్ళ పెండ్లిళ్ళలో మేం తిరిగి చదివిస్తానే ఉన్నాం. ఏ కోర్టూ అడగదు, అయినా ఎవరూ ఎగ్గొట్టరు. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండగకు అంత జనం వస్తారు, హిందువులు ముస్లింలు అందరూ కలిసి చేస్తారు, మా ఇంటి ముందర వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళు పోయమని మాకు ఎవరు చెప్పినారు?

ఈ మధ్య క్రొపోట్కిన్ గురించి చదివినా. రష్యాలో ప్రిన్స్ బిరుదున్న పెద్దింట్లో పుట్టినాడు, భూగోళ పరిశోధన చేస్తా సైబీరియాలో తిరిగినాడు. బలమున్నోడే బతుకుతాడని అందరూ చెప్తున్న కాలంలో, ఆ మంచులో తాను చూసింది వేరే అన్నాడు, ఒకదానికొకటి ఆసరా అయిన జంతువులే మిగిలినాయని 1902లో పరస్పర సహాయం మీద పుస్తకం రాసినాడు. రాజ్యం లేకుండా మనుషులు కలిసి బతకగలరని ఆయన నమ్మకం. ఇది చదివితే నాకు మా వంక కాలువే కనపడింది. మరి తెలుగులో దీన్ని అరాచకవాదం అని రాస్తారు, అరాచకం అంటే మనకు దొమ్మీ, దోపిడీ. ఈ రెండింటికీ పొత్తు ఎట్ల కుదురుతుంది? మీ ఊళ్ళల్లో ఇట్లాంటివి ఏమున్నాయో చెప్పండి.

కడప గడప (రాత్రి 9:50)

అన్నా, మంచి మాట ఎత్తినావు కానీ నేను ఒప్పుకోలేను. నువ్వు రాసేది సీమ గురించి, గుర్తుపెట్టుకో. మా పెదనాయన వాళ్ళు ఫ్యాక్షన్ గొడవల్లో ఒక్క రాత్రిలో ఊరొదిలి కడపకు వచ్చినారు, పొయ్యి మీద కూడు అట్లనే ఉండిపోయిందంట, పదకొండేండ్లు అద్దె ఇంట్లో ఉన్నారు, చీనీ చెట్లు నిలువునా నరికేసినారు. ఆ ఊళ్ళో సర్కారు మాట చెల్లలేదు, ఇద్దరు పెద్దమనుషుల మాటే చెల్లింది. రాజ్యం పక్కకు తప్పుకుంటే ఆ ఖాళీలోకి వచ్చేది నీ ముయ్యాళ్ళు కాదు, బాంబులు. పెద్ద చేప చిన్న చేపను మింగుతుంది, పాతోళ్ళు దీన్నే మత్స్యన్యాయం అన్నారు.

పాత పుస్తకాలు (రాత్రి 10:35)

ముందు మాట సంగతి చూద్దాం. అరాచకం, అరాజకం రెండూ ఒకే చోట పుట్టినవే, రాజు లేకపోవడం. కానీ వాడుకలో అరాచకం అంటే అల్లకల్లోలం అని స్థిరపడిపోయింది, అందుకని నేనైతే అరాజకవాదం అని రాస్తాను. యూరపులో కూడా అనార్కిస్టు అనే మాట తిట్టుగానే ఉండేది, 1840లో ప్రూధాన్ అనే ఫ్రెంచి ఆయన మొదటిసారి అవును నేను అదే అని తన మీద తనే వేసుకున్నాడు.

కడప గడప గారూ, మీరు మత్స్యన్యాయం అన్నారు కాబట్టి చెప్తున్నా, భారతం శాంతిపర్వంలోనే భీష్ముడు ధర్మరాజుకు ఇంకో మాట కూడా చెప్తాడు. మొదట్లో రాజ్యమూ లేదు, రాజూ లేడు, దండమూ లేదు, దండించేవాడూ లేడు, ప్రజలు ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకున్నారు అని. మూలంలో ఉన్న మాట పరస్పరం! తర్వాత మోహం పుట్టి, లోభం పుట్టి, అప్పుడు రాజు అవసరం పడ్డాడంటాడు, అది కూడా దాచకుండా చెప్పాలి.

గాంధీ 1916 ఫిబ్రవరిలో కాశీ విశ్వవిద్యాలయం సభలో నేనూ అరాజకవాదినే, కాకపోతే వేరే రకం అన్నాడు. మద్రాసులో పుట్టిన ఎం.పి.టి. ఆచార్య అని ఒకాయన దేశదేశాలు తిరిగి చివరికి అరాజకవాదిగానే 1954లో బొంబాయిలో చనిపోయాడు, ఆయన పేరు మన పాఠాల్లో ఎక్కడా కనపడదు. కాబట్టి ఇది బయటి నుంచి ఊడిపడిన ఆలోచన అని తోసెయ్యలేం.

ఫ్యాక్షన్ సంగతికి వస్తే, అది రాజ్యం లేక పుట్టిందంటే నాకు నమ్మకం లేదు. సారా వేలంపాటలు, రోడ్డు కాంట్రాక్టులు, ఎన్నికలు, వీటి చుట్టూ కదా అంత నెత్తురు పారింది? ఇవన్నీ రాజ్యం పంచిపెట్టేవే. పెద్దమనిషి చేతిలో బాంబుతో పాటు లైసెన్సు కూడా ఉండేది.

హంద్రీ ఒడ్డు (రాత్రి 11:20)

నాకు పుస్తకాలు తెల్వవు. 2009 అక్టోబరు 2 నాడు కర్నూలు పాతబస్తీలో మేమేం చేసినామో చెప్తాను.

తుంగభద్ర ఒకపక్క, హంద్రీ ఇంకోపక్క, రెండూ ఒకేసారి వచ్చినాయి. మాది ఒక అంతస్తు మిద్దె, కింద నీళ్ళు కిటికీ పైకి వచ్చేసరికి చుట్టుపక్కల ఇండ్లవాళ్ళంతా మా మిద్దె ఎక్కినారు, లెక్కపెట్టుకుంటే నలభై ముగ్గురం. ఎదురింటి కాడ ఒక ముసలామె ఉండిపోయింది, ఆడోళ్ళు చీరలు పెనవేసి తాడు చేసి ఇచ్చినారు, ఇద్దరు పిల్లోళ్ళు దాన్ని నడుముకు కట్టుకొని ఈదుకుంటూ పోయి తెచ్చినారు. వాళ్ళల్లో ఒకనితో మాకు అంతకుముందు మాటల్లేవు, గోడ తగాదా. పక్కన బొరుగులు అమ్మే బాషా మామ బొరుగుల మూటలు నెత్తిన పెట్టుకొని ముందే పైకి తెచ్చినాడు. రెండు రోజులు ఆ బొరుగులే తిన్నాం, మొదట పసిపిల్లలకు, తర్వాత ముసలోళ్ళకు, తర్వాత మిగతావాళ్ళకు గిన్నెతో కొలిచి పెట్టినాం. ఆ వరస ఎవరు చెప్పినారో నాకు ఇప్పటికీ గుర్తులేదు, అట్లనే జరిగిపోయింది.

నీళ్ళు దిగినాక మోకాలిలోతు బురద. మునిగిన ఇండ్లవాళ్ళకు ఎక్కడెక్కడి నుంచో లారీల్లో అన్నం పొట్లాలు, పాత బట్టలు తెచ్చిచ్చినారు, పేరు కూడా చెప్పకుండా పోయినారు. బాషా మామకు ఆ బొరుగుల డబ్బులు ఇయ్యబోతే తీసుకోలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి పిలుపు ఆయనకే.

కడప గడప (రాత్రి 11:41)

చదివి కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి అక్కా. మా దిక్కు 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడినప్పుడు కూడా ఇట్లనే, మొదట చేయి పట్టుకొని లాగింది పక్కింటోడే. కానీ అది ఆపద. ఆపదలో మనిషి మంచోడే. మామూలు రోజుల్లో, నీళ్ళు తక్కువున్నప్పుడు, ఎవరి మడి ముందు తడవాలి అన్నప్పుడు ఏం చేస్తాడు, అదీ నా ప్రశ్న.

తాడిపత్రి సాఫ్ట్‌వేర్ (మంగళవారం, ఉదయం 7:05)

చిన్న మాట. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, జీతం లేకుండా రాసేవాళ్ళే రాస్తారు, తప్పులు వాళ్ళే దిద్దుతారు, తగాదా వస్తే చర్చా పేజీలో వాళ్ళే తేల్చుకుంటారు. మామూలు రోజుల్లోనే నడుస్తాంది అన్నా, ఆపద ఏమీ లేకుండా.

కేసీ కాలువ చివర (ఉదయం 8:30)

కడప గడప అడిగిన ప్రశ్నకు జవాబు మన సీమలోనే ఉంది, అదీ పుస్తకంగా. రాబర్ట్ వేడ్ అని ఒకాయన 1970ల చివర్లో కర్నూలు జిల్లాలో కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఊళ్ళు తిరిగి 1988లో అచ్చు వేసినాడు. ఆయన చూసిన ఊళ్ళలో కొన్నింటికి పంచాయతీ ఆఫీసుతో సంబంధం లేని ఊరి సభ ఒకటి ఉంది, రిజిస్ట్రేషన్ లేదు, చట్టంలో దానికి పేరే లేదు. ఆ సభే చేలకు కావలివాళ్ళను పెడుతుంది, కాలువ నీళ్ళు మడిమడికీ పంచేదానికి నీళ్ళు కట్టేవాళ్ళను పెడుతుంది. ఊరికి ఒక నిధి ఉంటుంది. కోతలైనాక ఊరి మళ్ళలో గొర్రెలు మేపుకునే హక్కును వేలంపాట పెట్టి, ఆ డబ్బుతో ఊరి పనులు చేసుకుంటారు.

కొన్ని ఊళ్ళలో ఉండి పక్క ఊళ్ళలో ఎందుకు లేదు, అసలు సంగతి అదీ. కాలువ మొదట్లో ఉన్న ఊళ్ళకు నీళ్ళు దండిగా వస్తాయి, వాళ్ళకు ఒకరితో ఒకరికి పనిలేదు. కాలువ చివర ఉన్న మాకు నీళ్ళు వస్తాయో రావో, వస్తే ఎన్ని దినాలో తెలీదు, అందుకని ఆ కట్టుదిట్టాలు చివర ఊళ్ళలోనే ఎక్కువ కనపడినాయి. అంటే కరువు ఉన్నకాడ కొట్టుకుంటారు అని మనమనుకుంటే, కరువు ఉన్నకాడే కూర్చొని మాట్లాడుకున్నారు. మా నాయన కూడా అంటాడు, నీళ్ళు తక్కువైన ఏడే కాలువ మీద కొట్లాటలు తక్కువ అని, ఎందుకంటే ఆ ఏడు నీళ్ళు కట్టే మనిషి తప్ప ఇంకెవరూ మడవ తాకకూడదు, రైతు కూడా తన మడవ తాను తియ్యకూడదు.

2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కు నోబెల్ వచ్చింది, అర్థశాస్త్రంలో అది అందుకున్న మొదటి ఆడమనిషి. ఉమ్మడి ఆస్తిని కాపాడేదానికి సర్కారు కర్ర గానీ ప్రైవేటు పట్టా గానీ ఉండాల్సిందే అనే వాదన తప్పని ఆమె చూపించింది. వాడుకునేవాళ్ళే నియమం పెట్టుకొని, వాళ్ళే కాపలా కాసుకొని, తప్పు చేసినోనికి మొదట చిన్న జరిమానా, మళ్ళీ చేస్తే పెద్దది, ఇట్ల నడిచిన చోట్ల ఏండ్ల తరబడి నిలబడింది అన్నది. ఆమె కూడా వేడ్ చూసిన మన ఊళ్ళ సంగతి తన పుస్తకంలో రాసింది.

నీరుగంటి మనవడు (మధ్యాహ్నం 1:15)

పొద్దున్నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా.

మీరు రాసిన ఆ నీళ్ళు కట్టే మనిషి మా తాత. మైదుకూరు దిక్కు మా ఊరు, కాలువ కాదు, చెరువు కింద. పగలు నీడను అడుగులతో కొలిచి, రాత్రి చుక్కను చూసి వంతు మార్చేవాడు, ఒక్క మడికి ఎక్కువ పోయిందని ఎవరూ అనలేదు. వానొస్తే అర్ధరాత్రి గోనెసంచి కప్పుకొని తూము కాడికి పోవాల్సిందే. ఊరంతా ఆయన మాట నమ్మింది, నిజమే. పంటప్పుడు కల్లం కాడ మేర, అంటే ఆ పనికి ఇచ్చే గింజలు, కొలిచి పోసేవాళ్ళు, ఆయన కల్లంలోకి రాకుండా అంచున నిలబడి గుడ్డ పరిస్తే దాంట్లో పోసేవాళ్ళు.

అంత చెరువు కింద మాకు ఒక్క మడి లేదు. అందరి మళ్ళూ తడిపినోనికి తన మడి లేదు. సభ గుడి అరుగు మీద జరిగేది, మా తాత అరుగు కింద నిలబడేవాడు. నేను చేయను అనడానికి ఆయనకు వీల్లేదు, ఒక ఏడు జరమొచ్చి రెండు రాత్రులు పోలేదని మేర సగం కోసినారు. మా నాయన నేనీ పని చేయనన్నాడు, ఆ వారమే అంగట్లో మాకు అప్పు ఆపేసినారు, మంగలి రాలేదు, బావి కాడ మాటలు. దాన్ని కట్టు అంటారు, మీకందరికీ తెలుసు. దానికీ దండోరానే వేసినారు.

నార్పల అన్నా, మీ దండోరా ఎవరు వేస్తారు? ఇంటికొక మనిషి అన్నావు కదా, మా పేటలో ఇంటికొక మనిషి రాకపోతే ఏం జరుగుతుంది? స్వచ్ఛందం అనే ముందు ఇది చెప్పు. మాకు కట్టు తీయించింది పోలీసు స్టేషన్లో రాసిచ్చిన కాగితం. ఆ కాగితం వెనక ఒక చట్టం ఉంది. రాజ్యం వద్దు అని మీరు తేలిగ్గా అంటారు, నేను అనలేను.

పాత పుస్తకాలు (మధ్యాహ్నం 2:02)

మీరు రాసినదానికి ఎదురు చెప్పే మాట నా దగ్గర లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ అన్నది ఇదే, గ్రామాలను ఆదర్శంగా చూపించిన వాళ్ళకు ఆయన సూటిగా చెప్పాడు, మన గ్రామం స్థానికతత్వపు మురికికూపం, అజ్ఞానపు గుహ అని. నేను నిన్న రాత్రి ఎం.పి.టి. ఆచార్య పేరు రాశాను, అంబేద్కర్ మాట రాయడం మర్చిపోయాను, మర్చిపోకుండా ఉండాల్సింది.

వేడ్ కూడా ఒకటి రాశాడు, ఆ ఊరి సభల్లో కూర్చునేది ఎక్కువగా భూములు ఎక్కువున్నవాళ్ళే అని. కేసీ కాలువ చివర గారు అది వదిలేశారు.

కేసీ కాలువ చివర (మధ్యాహ్నం 2:30)

అవును సార్, వదిలేసినా. నిజమే. మా సభలో కూడా అంతే.

ఓర్వకల్లు అక్క (సాయంత్రం 6:45)

వంట చేసుకొని ఇప్పుడు చూసినా, పెద్దగా రాస్తాను ఏమనుకోవద్దు.

మేం 1990ల్లో పొదుపు మొదలుపెట్టినోళ్ళం. రోజుకొక రూపాయి, పదిహేను మంది, అన్ని కులాలోళ్ళం. మొదటి మూడు నెలలు ఎవరింట్లో కూర్చోవాలనేదే తగవు, చివరికి బడి వరండాలో కూర్చుందాం అన్నాం. చదువు రాదు కాబట్టి ఒకరు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, ఇంకొకరు కండ్లతో చూసేది, ఇద్దరూ వేరే వేరే పేటలోళ్ళు ఉండాలని మేమే అనుకున్నాం. అప్పు ఎవరికి ముందు? పురుడు, రోగం, ఆ తర్వాత గొర్రెపిల్ల. అప్పు కట్టకపోతే ఇంటికి పోయి కూర్చునేది, తలుపు కొట్టి అరిచేది కాదు, పక్కన కూర్చొని ఎందుకు కట్టలేకపోయిందో వినేది. ఒకామె మొగుడు తాగి డబ్బు తీసుకుపోయినాడని తేలింది, అప్పుడు మేమందరం ఆయన దగ్గరికి పోయినాం.

ఇదంతా మా అంతట మాకే పుట్టిందా అంటే కాదు, ప్రోత్సహించిన కార్యక్రమాలు ఉన్నాయి, సర్కారోళ్ళు ఉన్నారు, ఐక్యరాజ్యసమితి డబ్బు కూడా వచ్చింది మా దిక్కుకు. కానీ తర్వాత ఏమైందంటే సంఘం పెద్దదైంది, రిజిస్టర్లు పదమూడైనాయి, మీటింగు అంటే లారీ ఎక్కమని ఫోను, రాకుంటే లోను రాదని బెదిరింపు. మా సంఘం మాకే పరాయిదైనట్టు అయింది.

1995లో మన రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది, పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. పేరు చూసినారా, నార్పల తమ్ముడు చెప్పిన ఆయన మాటే. పాత 1964 చట్టం కింద రిజిస్ట్రారు సొసైటీ పాలకవర్గాన్ని తీసేయొచ్చు, కొత్త చట్టం కింద సర్కారు వాటా పెట్టదు, పెత్తనమూ చేయదు, సభ్యులదే సొమ్ము, సభ్యులదే నిర్ణయం. చెన్నేకొత్తపల్లి కాడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళు 1990 నుంచి పనిచేస్తున్నారు, ఆడోళ్ళ పొదుపు సంఘాలు సొంత కాళ్ళ మీద నిలబడినాయి. రాజ్యమే ఒక చట్టం చేసి, ఇక్కడి నుంచి నేను రాను అని గీత గీసింది. నాకు నచ్చింది ఆ గీత.

నీరుగంటి మనవడా, నాయనా, నీ మాట చదివి నాకు మా గోడ మీద గీతలు గుర్తొచ్చినాయి. గీసేది ఒకరు, చూసేది ఇంకొకరు. మా సంఘంలో ఎవరైనా వెళ్ళిపోతానంటే తన డబ్బు లెక్కగట్టి అదే రోజు చేతిలో పెట్టేవాళ్ళం. నలుగురు పోయినారు, ఇద్దరు మళ్ళీ వచ్చినారు.

పాత పుస్తకాలు (రాత్రి 8:10)

అక్క చెప్పిన గీతకు ఎదురు ఉదాహరణ ఒకటి. మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువు కట్టలకు ఊరోళ్ళు ఆనవాయితీగా చేసే మరమ్మతు పనిని తెల్లదొరలు 1858లో చట్టం చేసి బలవంతపు పనిగా మార్చారు, రాకపోతే శిక్ష. ఇష్టంతో చేసేదాన్ని ఉత్తర్వుగా మారిస్తే అది వెట్టే. కానీ మనవడు గారి మాట విన్నాక నాకు అనుమానం వస్తోంది, ఆ ఆనవాయితీలో కూడా కొందరికి ముందునుంచే వెట్టి, దొరలు అందరికీ చేశారంతే.

నీరుగంటి మనవడు (రాత్రి 8:55)

అక్కా, మీరు నాయనా అన్నారు, చాలు. నేను కలిసి బతకొద్దు అని చెప్పడం లేదు. మా పేటలో ఎవరింట్లో చావైనా పాడె కట్టేదానికి, గుంత తీసేదానికి, మూడు రోజులు ఆ ఇంటికి కూడు పంపేదానికి ఎవరూ ఎవరినీ పిలవరు. హంద్రీ ఒడ్డు అక్క చెప్పిన మిద్దె మాకు రోజూ ఉంది. నాకు కావాల్సింది ఒక్కటే, కాదు అన్నోని ఇంటికి నీళ్ళు ఆగకూడదు. ఆగితే అది సహకారం కాదు, ఇంకో సర్కారు, దానికి కోర్టు కూడా లేదు.

నార్పల దిక్కు (తర్వాతి వారం, బుధవారం, రాత్రి 10:18)

ఇన్ని దినాలు రాయలేదు, జవాబు లేక. మనవడు అడిగిన ప్రశ్న మా నాయనను అడిగినా, మన దండోరా ఎవరు వేస్తారు నాయనా అని. పేరు చెప్పినాడు, ఆ మనిషి ఏ పేట అన్నది నాకు తెలుసు, ఇన్నేండ్లు తెలిసి కూడా నేను ఆలోచించలేదు. వాళ్ళు రాకపోతే ఏం చేస్తారు అంటే నాయన బీడీ ఆర్పి లేచిపోయినాడు.

ఆదివారం నేను ఎస్సీ కాలనీకి పోయినా. ఒక పెద్దాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు, టీ తెప్పించినాడు. కాలువ పని సంగతి అడిగితే ఒకే మాట అన్నాడు, "మమ్మల్ని ఎప్పుడూ అడగలేదు అబ్బీ, చెప్పినారు." చెరువు కింద ఆ కాలనీలో ఎంతమందికి మళ్ళు ఉన్నాయని అడిగితే నాలుగు వేళ్ళు చూపించినాడు, అరవై ఇండ్లకు.

నిన్న సభ గుడి కాడ కాకుండా బడి వరండాలో పెట్టినాం, ఓర్వకల్లు అక్క చెప్పినట్టు. కొందరు పెద్దలు రాలేదు. మొత్తం ముప్పై మంది దాకా వచ్చినారు, కాలనీ నుంచి పదకొండు మంది, వాళ్ళల్లో ముగ్గురు ఆడోళ్ళు. చెరువు కింద మడి ఉన్నోడు ఎకరా లెక్కన పనికి రావాలి, మడి లేనోడు వస్తే కూలి ఇయ్యాలి, దండోరా మానేసి ఫోన్లో గ్రూపుకు పెట్టాలి అన్నది మాట. కూలి మాట దగ్గర అరగంట గొడవైంది, చివరికి ఒప్పుకున్నారు, ఒప్పుకోనోళ్ళు లేచిపోయినారు. కాలనీలో మడి ఉన్న నలుగురిలో ఇద్దరు ఈ ఏడు మేం రాము అని నిలబడి చెప్పినారు. ఎవరూ ఏమీ అనలేదు, కొంచేపు అందరూ నేల చూసినారంతే. ఈ పొద్దు పని మొదలైంది.

నీరుగంటి మనవడు (రాత్రి 10:40)

ఆ ఇద్దరి మళ్ళకు నీళ్ళు వస్తాయా అన్నా?

నార్పల దిక్కు (రాత్రి 10:46)

చెరువులోకి ఇంకా నీళ్ళు రాలేదు తమ్ముడూ. తూము ఎత్తిన రోజు వాళ్ళ మడి కాడ నిలబడి చూసి ఈడనే రాస్తా.